తంగేడు తల ఎత్తి నిలబడిన రోజు

అనగనగా ఒక అడవి, ఆ అడవికి అడ్డంగా ఒక కొండల వరస. కొండలకు ఇవతల వేసవి వచ్చిందంటే ఏరు సన్నబడుతుంది, మడుగులుగా తెగుతుంది, చివరికి ఎండిపోతుంది. అవతలి లోయలో మాత్రం ఏడాది పొడుగునా నీళ్లుంటాయి, పచ్చిక ఉంటుంది. ఇటునుంచి అటు పోవడానికి ఒకటే దారి. రెండు కొండల నడుమ నిట్టనిలువుగా ఎక్కే రాళ్లదారి. దాన్ని కనుమ అంటారు.

ఇవతల ఒక అడవిదున్నల మంద ఉండేది. అడవిదున్న అంటే మన ఊరి గేదె లాంటిదే అనుకోకండి. ఒళ్లంతా నల్లటి బండరాయి. మోకాళ్ల కింద తెల్లటి మేజోళ్లు తొడిగినట్టు కాళ్లు. పులి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుని గాని దాని జోలికి పోదు.

ఆ మందను నడిపేది గట్టమ్మ. ముసలిది. మాట తక్కువ. మందలో కండలు తిరిగిన మగదున్నలు ఎన్ని ఉన్నా ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో చెప్పేది గట్టమ్మే. వాటి పద్ధతి అది.

ఆ మందకు ఇంకో పద్ధతి కూడా ఉంది. దాని పేరు నిలుపు. ఎప్పుడో ఒక కరువు ఏడాదిలో పెద్దలు పెట్టిన ఆచారం. కనుమ ఎక్కే ముందు అందరూ వరసగా నిలబడాలి. తల ఎత్తాలి. గట్టమ్మ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి వచ్చేవరకు తల దించకూడదు, వణక్కూడదు. నిలబడ్డవాళ్లు కనుమ ఎక్కుతారు. నిలబడలేనివాళ్లు కిందే ఉండిపోతారు.

మరి ఎక్కుతూ దారిలో ఎవరైనా పడితే? మూతులతో, కొమ్ములతో ఎత్తి నిలబెడతారు. మూడుసార్లు నిలబెడతారు. మూడోసారీ పడితే వదిలేసి పోతారు. వెనక్కి తిరిగి చూడరు.

ఆ వేసవి నిలుపు రోజు పొద్దున్నే ఒకటి జరిగింది. మందలో ఎవరూ చూడలేదు.

తంగేడు అనే పడుచుది నీళ్లకోసం ఏటి గట్టు దిగుతోంది. ఆ గట్టు మీద విరిగిన వెదురు మోడు ఒకటి ఉంది. కత్తి మొనలా ఉంది. తంగేడు కాలు జారింది. మోడు వెనకతొడ లోపలి వైపు దిగింది.

తంగేడు అరవలేదు. నిలుపు రోజు ఎవరైనా అరుస్తారా? మెల్లగా మడుగులో దిగి నిలబడింది. నీళ్లు ఎర్రబడ్డాయి. చాలాసేపు ఎర్రబడుతూనే ఉన్నాయి. నేల మీద పడితే ఇంత మడుగు కట్టిందని కంటికి కనిపించేది. నీళ్లలో కలిసిన రక్తం ఎంత పోయిందో ఎవరు చెప్పగలరు? తంగేడుకే తెలియలేదు. రక్తం ఆగాక గట్టు మీది బంకమన్ను తొడకు దట్టంగా పట్టించుకుంది. బురదలో పొర్లే జాతి కదా, ఒంటి మీద మన్ను ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ఎండ ఎక్కేవేళకు మంద కనుమ మొదట్లో చేరింది.

గట్టమ్మ వీపు మీద ఒక గోరింక ఉండేది. దున్నల చెవుల్లో, మెడ మడతల్లో పట్టి రక్తం పీల్చే గోమార్లను ఏరుకు తినడం దాని పని. రోజుకు ఒక్కో చెవిలో ఒకటికి రెండుసార్లు ముక్కు పెట్టేది. వాగుడుకాయ. అది నోరు మూసుకునేది ముక్కులో గోమారి ఉన్నప్పుడే.

ఆ పూట అది తంగేడు చెవి మీద వాలి, వెంటనే ఎగిరి గట్టమ్మ దగ్గరికి వచ్చింది.

"అత్తా, తంగేడు చెవులు చల్లగా ఉన్నాయి."

"మడుగులో మునిగి వచ్చి ఉంటుంది," అంది గట్టమ్మ.

"చెవులు పొడిగానే ఉన్నాయి అత్తా. ఇంత ఎండలో ఏటి అడుగు రాయిలా ఉన్నాయి. చెవిలో గోమార్లను చూస్తే జాలేసింది. ఖాళీ సంచుల్లా వేలాడుతున్నాయి. వాటికి చుక్క దొరకడం లేదు."

పక్కనే ఉన్న మొండికొమ్ము అనే మగదున్న పకపకా నవ్వింది. దానికి ఒక కొమ్ము సగానికి విరిగి ఉంటుంది, నోరు మాత్రం నిండుగా ఉంటుంది.

"అక్కా, విన్నావా? గోమార్ల తరఫున గోరింక వకాల్తా పుచ్చుకుంది!"

గట్టమ్మ నవ్వలేదు. తంగేడు వైపు చూసింది. తంగేడు తిన్నగా నిలబడి ఉంది.

"ఏం అమ్మాయ్, ఎలా ఉన్నావు?"

"బాగానే ఉన్నాను పెద్దమ్మా," అంది తంగేడు.

గోరింక ఊరుకోలేదు. తంగేడు వీపు మీద కాసేపు కూర్చుని మళ్లీ వచ్చింది.

"అత్తా, దాని గుండె నా కాళ్లకు తగులుతోంది. పరుగెత్తి వచ్చినదాని గుండెలా కొట్టుకుంటోంది. అది మాత్రం కదలకుండా నిలబడి ఉంది."

"నిలుపంటే భయం ఉండదా పిట్టా?" అంది మొండికొమ్ము. "మొదటిసారి నా గుండే గొంతులోకి వచ్చింది."

గట్టమ్మ మళ్లీ అడిగింది. తంగేడు మళ్లీ అంది, "బాగానే ఉన్నాను పెద్దమ్మా. కొంచెం దాహంగా ఉంది, అంతే."

అంటూనే పక్కనున్న నీటిగుంటలో మూతి పెట్టింది. తాగింది. తాగుతూనే ఉంది. దూడలు నోరు తెరుచుకుని చూశాయి.

"మంద కదిలినప్పటినుంచి ఇన్ని నీళ్లు తాగింది," అంది గోరింక. "ఒక్కసారైనా పోసిందా? అడుగు అత్తా. నేను దాని వెనకే తిరుగుతున్నాను. ఒక్క చుక్క పోయలేదు. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నాయి?"

దూడలు కిసుక్కుమన్నాయి. ఒకటి ఇంకోదాన్ని కొమ్ము మొలకతో పొడిచింది. మొండికొమ్ము అయితే పడీపడీ నవ్వింది. "ఇక మంద పెద్ద ఈ లెక్కలు కూడా చూసుకోవాలా!"

గట్టమ్మకు చిరాకు వేసింది. ఎండ ఎక్కుతోంది. రాళ్లు కాలుతున్నాయి. మూడోసారి అడిగింది.

"తంగేడూ, నిలబడగలవా?"

"నిలబడే ఉన్నాను కదా పెద్దమ్మా."

నిజమే. నిలబడే ఉంది. తల ఎత్తి, మెడ నిక్కించి, అందరికంటే తిన్నగా నిలబడి ఉంది. గట్టమ్మ వరస పొడుగునా నడిచింది. తంగేడు వణకలేదు.

"పదండి," అంది గట్టమ్మ.

పిల్లలూ, ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. తంగేడు అబద్ధం ఆడింది. దాని ఒళ్లు కూడా గట్టమ్మకు అబద్ధమే చూపించింది. కాకపోతే ఒళ్లు ఆడినది ప్రాణం నిలబెట్టుకోవడానికి ఆడిన అబద్ధం.

మెడలోని పెద్ద రక్తనాళాల గోడల్లో, గుండె దగ్గర, సన్నటి నరాల కొసలు కాపలా ఉంటాయి. మనకూ ఉంటాయి, దున్నలకూ ఉంటాయి. రక్తం గోడను ఎంత బిగువుగా తోస్తోందో అవి కనిపెడుతుంటాయి. బిగువు తగ్గితే ఆ క్షణమే మెదడుకు కబురు పోతుంది. మెదడు కంగారు పడదు. గుండెను త్వరగా కొట్టుకోమంటుంది. చెవులకు, చర్మానికి, పేగులకు పోయే నాళాలను ముడుచుకోమంటుంది. అక్కడ మిగిలిన రక్తాన్ని గుండెకు, తనకు మళ్లిస్తుంది. నీళ్లు బయటికి వదలొద్దని మూత్రపిండాలకు చెబుతుంది. దాహం పుట్టిస్తుంది. ఇంత చేసి బిగువును ఎలాగో నిలబెడుతుంది. పైకి చూస్తే అంతా మామూలుగానే ఉంటుంది.

కానీ అలా ఎంతసేపు నెట్టుకురాగలదు? ముడవడానికి ఇంకేమీ మిగలని ఘడియ ఒకటి వస్తుంది.

అది కనుమ మొదటి మలుపులో వచ్చింది.

దారి అక్కడ ఒక్కసారిగా నిలువెత్తున లేస్తుంది. తంగేడు ముందుకాళ్లు పైన ఒక బండ మీద పెట్టి, తల పైకెత్తింది. కళ్లముందు కొండ తెల్లబడింది. తర్వాత నల్లబడింది. ఏ చప్పుడూ చేయకుండా పక్కకు కూలిపోయింది. తొడ మీది బంకమన్ను పెంకులు పెంకులుగా రాలింది. లోపలి గాయం బయటపడింది.

మంద ఆగింది. గట్టమ్మ ఆ గాయాన్ని చూసింది. మన్ను కింద ఊరి ఎండిన రక్తం ఎంత దూరం పాకి ఉందో చూసింది.

"లేపండి!" అంది మొండికొమ్ము. "మొదటిసారి!"

నలుగురు మూతులు పెట్టి ఎత్తారు. తంగేడు నిలబడింది. తల ఎత్తబోయింది. మళ్లీ కూలింది.

"రెండోసారి!"

మళ్లీ ఎత్తారు. ఈసారి దాని కాళ్లు నేలకు ఆననే లేదు. పడినప్పుడు కళ్లు తెరిచే ఉన్నాయి గాని ఎవరినీ చూడడం లేదు.

"అమ్మా," అంది తంగేడు. "ఏరు వచ్చేసిందా? చప్పుడు వినిపిస్తోంది."

అక్కడ ఏరూ లేదు, నీళ్లూ లేవు. తంగేడు తల్లి చనిపోయి చాలాకాలం అయింది. దూడలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి.

అప్పుడు కింద పొదల్లోంచి పులి వచ్చింది. దాక్కోలేదు, పొంచలేదు. ఎదురుగా వచ్చి, దారి పక్కన చెట్టునీడలో కూర్చుంది. విందుకు వచ్చిన చుట్టంలా కూర్చుంది.

"కానివ్వండి," అంది పులి. "ఇంకో పర్యాయం ఉంది కదా. నాకేం తొందర లేదు."

మొండికొమ్ము బుసకొట్టింది. "దూరంగా ఫో!"

"ఎందుకు బాబూ కోపం? ఏటా ఇక్కడే కూర్చుంటాను. మా నాన్న కూడా ఇక్కడే కూర్చునేవాడు. మీ పెద్దలు చాలా మంచి ఆచారం పెట్టారు. మేం వేటాడక్కర్లేదు. మీరే మూడుసార్లు ఎత్తి పడేసి, మెత్తగా చేసి మాకు వదిలిపెట్టి పోతారు." పులి పంజా నాకుకుంది. "గట్టమ్మా, నీ మీద నాకు ఎంతో గౌరవం. ఒక్కనాడూ ఆచారం తప్పలేదు నువ్వు. ఇవాళ మాత్రం తప్పకు."

గట్టమ్మ ఒళ్లు జలదరించింది. పులిని చూసి కాదు. ఆ మాటకు.

"మూడోసారి లేపమంటావా అక్కా?" అని అడిగింది మొండికొమ్ము. దాని గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "ఈసారి నేను గట్టిగా పట్టుకుంటాను. ఎలాగైనా నిలబెడతాను."

"నిలబెట్టకండి!"

గోరింక తంగేడు పక్కటెముకల మీద వాలి అరుస్తోంది.

"నిలబెడితే చచ్చిపోతుంది! అత్తా, ఒక్కమాట విను. దాన్ని పడేసింది మనం కాదు, గాయం నొప్పీ కాదు. దాని మెదడుకు రక్తం అందలేదు, అందుకే పడింది. పడ్డాక చూడు, తలా గుండే ఒక ఎత్తులో ఉన్నాయి. రక్తం కొండ ఎక్కక్కర్లేదు, సమానంగా పారుతుంది. నా కాళ్ల కింద దాని గుండె కొంచెం నెమ్మదించింది. మీరు ఎత్తిన ప్రతిసారీ ఉన్న కాస్త రక్తం కాళ్లలోకి దిగిపోతోంది!"

"పడుకున్నది చచ్చినట్టే అని మా తాతలు చెప్పారు," అంది మొండికొమ్ము.

"మీ తాతలు పులిని అడిగి చెప్పారా?" అంది గోరింక.

గట్టమ్మ తంగేడు మూతి దగ్గర ముక్కు పెట్టి చూసింది. ఊపిరి చిన్నగా, వేగంగా వస్తోంది. పై పెదవి కింద చిగుళ్లు పాలిపోయి సుద్దలా ఉన్నాయి.

"పొద్దున నా ముందు అంత తిన్నగా నిలబడింది," అంది నెమ్మదిగా. "నేను చూశాను. ఈ కళ్లతోనే చూశాను."

"నిలబడింది అత్తా. అబద్ధం కాదు. కానీ ఎలా నిలబడింది? ఏరు సన్నబడ్డప్పుడు నువ్వేం చేస్తావు? మగదున్నల్ని నీళ్లకు రానివ్వవు. ఈడొచ్చినవాళ్లను ఆపేస్తావు. ముందు దూడలను తాగమంటావు. అప్పుడు ఎవరో దారినపోయేవాడు చూసి, ఆహా, దూడలు కడుపునిండా తాగుతున్నాయి, ఏరు నిండుగా ఉంది అనుకుంటే?"

"వాడు వెర్రివాడు," అంది గట్టమ్మ.

"తంగేడు తలలోని పెద్ద కూడా అదే చేసింది. చెవులను ఎండగట్టింది. చర్మాన్ని ఎండగట్టింది. కడుపును ఎండగట్టింది. ఆ రక్తమంతా తలకు, గుండెకు పోసి నిలబెట్టింది. నువ్వు దూడలను చూసి ఏరు నిండుగా ఉందన్నావు."

ఒక పిట్ట మంద పెద్దను అంత మాట అనడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. అందరూ గట్టమ్మ వైపు చూశారు.

గట్టమ్మ కనుమ పైకి చూసింది. దాని అవతల లోయ, నీళ్లు, పచ్చిక. కిందికి చూసింది. కింద పులి. మధ్యలో తంగేడు. మూడోసారి ఎత్తితే ఆచారం నిలబడుతుంది. ఎవరూ తనను వేలెత్తి చూపరు. ఎత్తకుండా ఇక్కడే ఆగితే, దారిలో మంద మొత్తం పులికి ఎదురుగా ఆగినట్టు. ఇంతకుముందు ఏ పెద్దా అలా చేయలేదు.

"మొండికొమ్మూ," అంది గట్టమ్మ.

"చెప్పు అక్కా."

"లేపొద్దు. దాన్ని పల్లం వైపు తల ఉండేలా మెల్లగా తిప్పండి. తర్వాత దాని చుట్టూ నిలబడండి. కొమ్ములు బయటికి. దూడలు లోపలికి."

మొండికొమ్ము కాలితో రాయిని గీరింది.

"అక్కా, ఆచారం..."

"ఆచారం ఎవరికి పనికొస్తోందో ఇప్పుడే విన్నావుగా. ఆ చెట్టుకింద కూర్చున్నవాణ్ని అడుగు, ఇంకా చెబుతాడు."

మొండికొమ్ము తల వంచుకుంది. వెళ్లి తంగేడు వీపుకు తన నుదురు ఆనించి, ఎంతో మెల్లగా, గుడ్డును దొర్లించినట్టు దొర్లించింది. తంగేడు తల పల్లానికి వచ్చింది. మంద చుట్టూ మూగింది. నల్లటి బండల గోడ లేచినట్టు లేచింది, గోడ పొడుగునా కొమ్ములు.

పులి కాసేపు చూసింది.

"గట్టమ్మా, ఇది న్యాయం కాదు," అంది. దాని గొంతులో మర్యాద పోయింది.

"రా," అంది గట్టమ్మ. "వచ్చి చెప్పు న్యాయం."

పులి లేచింది. ఒక పక్కకు నడిచింది. అక్కడ కొమ్ములు. ఇంకో పక్కకు నడిచింది. అక్కడా కొమ్ములే. ఒకసారి ఎగరబోయింది. మొండికొమ్ము విరిగిన కొమ్ముతోనే ఎదురు దూకింది. పులి పంజా దాని భుజాన్ని చీరింది, దాని కొమ్ము పులి డొక్కకు తగిలింది. పులి వెనక్కి పడి, లేచి, దులుపుకుంది. ఆ పొద్దు వాలేదాకా అక్కడక్కడే తిరిగింది. తర్వాత పొదల్లోకి పోయింది. తినడానికి దానికి ఏదో ఒకటి దొరికే ఉంటుంది. పులికి వేట రాకపోవడం ఏమిటి? బద్ధకం, అంతే.

వలయం లోపల తంగేడు పడుకునే ఉంది. ఎవరూ లేపలేదు. ఎవరూ "ధైర్యంగా ఉండు" అనలేదు. గట్టమ్మ దాని ముఖం మీద ఎండ పడకుండా నీడ ఇచ్చి నిలబడింది. నీడలు పొడుగయ్యేవేళకు తంగేడు కళ్లు కదిలాయి. గట్టమ్మను చూశాయి. ఈసారి నిజంగానే చూశాయి.

"పెద్దమ్మా, నేను పడ్డానా?"

"పడ్డావు."

"మూడుసార్లూ అయ్యాయా?"

"లెక్క మానేశాం," అంది గట్టమ్మ. "పడుకో."

తెల్లారాక, తంగేడు తల పల్లానికి వంచుకునే, ఆగి ఆగి నడుస్తూ, కిందనున్న మడుగు దాకా వచ్చింది. మంద దాని వెంటే దిగింది. ఎక్కిన కొండ దిగడం ఎంత కష్టమో అన్న మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. దూడలు కూడా.

తంగేడు నీళ్లు తాగింది. కడుపు ఉబ్బేలా తాగింది. అయినా దాని నాలుక ఆగలేదు. రాళ్లను నాకింది. చెట్ల బెరడును నాకింది. గట్టమ్మ మెడ మీది చెమటను నాకింది.

"దీనికేమైంది మళ్లీ?" అంది మొండికొమ్ము.

"ఉప్పు," అంది గోరింక. "రక్తం ఉప్పగా ఉంటుంది కదా, గోమార్లను తిన్నదాన్ని నాకు తెలియదా? పోయింది నీళ్లొక్కటే కాదు, ఉప్పూ పోయింది. ఉప్పు లేని నీళ్లు ఒంట్లో నిలవవు. అందుకే మెదడు ఇప్పుడు ఉప్పు కావాలంటోంది."

ఉప్పునేల ఏటికి ఎగువన, వాగు మలుపులో ఉంది. తంగేడు అంతదూరం నడిచే స్థితిలో లేదు. మొండికొమ్ము వెళ్లిపోయింది. చాలాసేపటికి తిరిగి వచ్చింది. మూతి, నుదురు, చెంపలు, విరిగిన కొమ్ము, అన్నీ తెల్లటి చవిటిమన్నుతో మెత్తి ఉన్నాయి. పెళ్లికొడుక్కి నలుగు పెట్టినట్టుంది. దూడలు దాన్ని చూసి పరుగెత్తాయి.

వచ్చి తంగేడు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ముఖం దగ్గరగా పెట్టింది.

"నాకు," అంది. "కళ్లలో మాత్రం నాలుక పెట్టకు. అక్కడ ఉప్పు లేదు."

తంగేడు నాకింది. మొండికొమ్ము కళ్లు గట్టిగా మూసుకుని, కదలకుండా భరించింది. తర్వాత రోజూ వెళ్లి వచ్చింది. ఎవరూ చెప్పలేదు.

మడుగు మాత్రం రోజురోజుకూ చిన్నదవుతోంది. గట్టమ్మ ముందు దూడలను, తర్వాత తంగేడును తాగమనేది. మగదున్నలు తడి ఇసుకను నాకి ఊరుకునేవి. దూరపు ఆకాశంలో రాబందులు తిరిగేవి. కొందరు లోపల్లోపల గొణిగారు. "ఒక్కదాని కోసం ఇంతమందిమా?" అన్నారు. గట్టమ్మ విన్నది. వాళ్ల వైపు చూసి, "మీలో ఎవరి కోసమైనా ఆగేదాన్నే," అంది. అంతే అంది. గొణుగుడు ఆగింది.

తంగేడు చెవులు మెల్లగా వెచ్చబడ్డాయి. చిగుళ్లలోకి రంగు వచ్చింది. ఒకరోజు గోరింక ఎగురుకుంటూ వచ్చి, "పోసింది! పోసింది!" అని మంద అంతటికీ చాటింది. మందలో అంత పెద్ద పండగ వార్త ఆ వేసవిలో ఇంకోటి లేదు. పాపం తంగేడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మడుగులో పెట్టింది.

ఆ తర్వాత ఒక ఉదయం తంగేడు తనంతట తానే లేచింది. ఎవరి మూతీ సాయం లేకుండా నాలుగు కాళ్ల మీద నిలబడింది.

మొండికొమ్ము రంకె వేసింది. "నిలబడింది! అక్కా, చూడు, నిలబడింది! పదండి, కనుమ ఎక్కుదాం!"

మంద అంతా లేచింది. దూడలు అప్పుడే దారికి అడ్డంపడి పరుగు తీశాయి. మడుగులో నీళ్లు ఇంకెన్నాళ్లు వస్తాయో అందరికీ తెలుసు.

గట్టమ్మ తంగేడు దగ్గరికి వచ్చింది. చెవికి మూతి ఆనించింది. చిగుళ్లు చూసింది. కాళ్ల వైపు మాత్రం చూడలేదు.

"ఎలా ఉన్నావు?" అని అడిగింది.

తంగేడు మంద వైపు చూసింది. అందరూ కొండ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. అందరి పక్కటెముకలూ కనిపిస్తున్నాయి. దాని నోట్లోకి పాత మాటే వచ్చింది. సగం వచ్చి ఆగింది.

"తల ఎత్తితే ఇంకా కళ్లు తిరుగుతున్నాయి పెద్దమ్మా," అంది చివరికి. "నిలబడగలను. ఎక్కలేను. నాకు ఇంకా బాగాలేదు."

దూరంగా దూడ ఒకటి రాయి తన్నింది, అది దొర్లుకుంటూ పోయింది.

గట్టమ్మ తల ఊపింది. ముందుకాళ్లు మడిచింది, వెనకకాళ్లు మడిచింది, అందరూ చూస్తుండగా పట్టపగలు తంగేడు పక్కన నేల మీద పడుకుంది. మొండికొమ్ము కాసేపు అటూ ఇటూ చూసింది. తర్వాత నిట్టూర్చి అది కూడా పడుకుంది. ఒక్కొక్కరే, మంద అంతా పడుకుంది.

నీతి: నిలబడి ఉన్నవాళ్లంతా బాగున్నవాళ్లు కారు. వాళ్లు దేన్ని ఎండగట్టుకుని నిలబడ్డారో అడిగి తెలుసుకోవాలి. అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.